అట్ట ఎవరి కోసం?

సొంత డబ్బుతో పుస్తకం అచ్చువేయించుకోవడం తెలుగు రచయితలకు కొత్త కాదు. షోలాపూర్ నేతపేటల్లో మగ్గం పట్టిన ఇళ్ల నుంచే కలం పట్టినవారూ వచ్చారు. తెలుగు, మరాఠీ భాషల మధ్య రాకపోకలు సాగించిన లక్ష్మీనారాయణ బొల్లి ఈ ఊరివారే. అయితే రచయిత స్వయంగా వేసుకున్న పుస్తకం లోపల ఎంత బాగున్నా, దాని అట్ట తరచు వెలవెలబోతుంది. ఎందుచేత? కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం.

1854లో మద్రాసులో వావిళ్ల రామస్వామిశాస్త్రులు ముద్రణాలయం స్థాపించిన రోజుల్లో అట్ట మీద గ్రంథం పేరు, కర్త పేరు, అచ్చుకూటం పేరు ఉంటే సరిపోయేది. భారతమో శతకమో కావాలని వచ్చినవారే కొనేవారు కదా! కథలూ నవలలూ పెరిగాక, ముందెన్నడూ వినని పుస్తకాన్ని పరిచయం చేసే భారం అట్ట మీద పడింది. ఇంగ్లండులో పెంగ్విన్ సంస్థ 1935లో నవలకు నారింజ, అపరాధ పరిశోధనకు ఆకుపచ్చ రంగు పట్టీలు పెట్టి ఆ పని సాధించింది. మన దగ్గర బాపు (1933-2014) నాలుగు గీతలతో, తన చేతిరాతతో సాధించారు. బ్లాకుల కాలంలో ఒక్కో రంగుకూ ఒక్కో బ్లాకు చేయించాలి. రంగు పెరిగితే ఖర్చు పెరిగేది. కనుక ఏది ఉంచాలో, ఏది వదలాలో ఆలోచించక తప్పేది కాదు. 1990లలో కంప్యూటరు అక్షరాలు అందరికీ అందుబాటులోకి వచ్చాక ఆ కట్టడి సడలింది. సూర్యోదయం, పావురం, గులాబి, రచయిత ఫొటో, బిరుదులు అన్నీ ఒకే అట్ట మీదికి ఎక్కాయి.

ఇందులోని పొరపాటు నేతగాడికి ఇట్టే తెలుస్తుంది. షోలాపూర్‌లో తొలి బట్టల గిరణి 1877లో వచ్చింది. తెలంగాణ పల్లెల నుంచి వలస వచ్చిన మన పద్మశాలీలు మగ్గాల మీద, ఆ తరువాత సాంచాల మీద ఈ ఊరి చద్దరుకు పేరు తెచ్చారు. ఆ చద్దరు మీది పువ్వు జకార్డు అట్టల రంధ్రాల నుంచి పుడుతుంది. రంధ్రాన్ని బట్టి పడుగు పోగు లేస్తుంది. పడుగూ పేకా ఒకే రంగైతే ఎంత గొప్ప డిజైను ఎక్కించినా దూరానికి కనబడదు. ముదురు నీలం మీద ఎర్ర అక్షరాలు వేసిన పుస్తకం గతీ అంతే.

మన లిపికి మరో చిక్కుంది. అక్షరానికి పైన గుడి, కింద వత్తు. పేరును రెండు వరుసల్లో ఇరికిస్తే పై వత్తు కింది గుడిని ఢీకొంటుంది. ఇక వెన్ను మీద పేరు లేకపోతే, బీరువాలో పెట్టిన రోజునుంచే ఆ పుస్తకం కనబడదు.

వీటన్నిటికీ మూలం ఒకటే. రచయిత అట్టను తన కోసం, తనను ఎరిగినవారి కోసం వేయించుకుంటాడు. కాని అట్టతో అవసరం ఎరగనివారికే.

షోలాపూర్‌లో ఆ ఎరగనివాడు మీ మనవడే కావచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదివే పిల్లవాడికి తాత పుస్తకం అందాలంటే, ముందు ఒకే బొమ్మ, స్పష్టమైన పేరు, వెనుక మరాఠీలో నాలుగు వాక్యాలు ఉంటే చాలు. తెలుగు చదవడం రాకపోయినా, ఇందులో ఏముందని అడుగుతాడు. చదివి చెప్పగలవారు ఇంట్లో ఉండగానే ఆ అట్ట వేయించండి.