నాడి, మూత్రం, శ్వాస: మందులకు కాపు కాసిన నర్సు

గుండె, బీపీ, నీరు, నొప్పి మందుల చరిత్ర అనగానే కనిపెట్టినవారి పేర్లే వినిపిస్తాయి. ఆ మందులు మనిషిని బతికించాయా, ముంచాయా అన్నది మాత్రం మంచం పక్కన నిలబడి లెక్క రాసుకున్నవారికే ముందు తెలిసింది.

1785లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ ఒళ్లు ఉబ్బిన రోగులకు ఫాక్స్‌గ్లవ్ ఆకు ఎలా ఇవ్వాలో పుస్తకం రాశాడు. మూత్రం ధారాళంగా వచ్చినా, కడుపులో తిప్పినా, నాడి మందగించినా ఇక ఆపేయమన్నాడు. ఎంత మందు చాలో రోగి ఒళ్లే చెబుతుందన్న పాఠం అది. 1930లో ఆ జాతి మొక్క నుంచే డిగాక్సిన్ వచ్చింది. ఈనాటికీ అది ఇచ్చేముందు నర్సు గుండె మీద స్టెతస్కోప్ పెట్టి నిమిషం నిండా లెక్కపెడుతుంది. పెద్దవారిలో అరవైకి తగ్గితే మాత్ర పక్కన పెట్టి డాక్టరుకు కబురు చేస్తుంది. వాంతులు, చూపు పచ్చబారడం కూడా హెచ్చరికలే.

నొప్పిది మరో దారి. నల్లమందు నుంచి జర్మన్ ఫార్మసిస్టు సెర్టర్నర్ మార్ఫిన్‌ను వేరుచేశాడు. 1853లో స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ సిరంజి దాన్ని చర్మం కిందికి చేర్చింది. ఊపిరి మందగించేలోపే మత్తు ముదురుతుంది కాబట్టి, రోగి పిలిస్తే పలుకుతున్నాడా అన్నది నర్సు మొదట చూస్తుంది.

నీరు దిగే మందులకు అసలైన మలుపు 1919లో, వియన్నాలో. పుట్టుకతో సిఫిలిస్ ఉన్న ఒక యువతికి వైద్య విద్యార్థి ఆల్‌ఫ్రెడ్ ఫోగ్ల్ పాదరసం కలిసిన నోవాసురాల్ ఇంజెక్షన్ ఇప్పించాడు. జబ్బు మాట ఎలా ఉన్నా, వార్డు నర్సులు రోజూ కొలిచి రాసే మూత్రం పట్టికలో అంకెలు ఒక్కసారిగా ఎగబాకాయి. గుండె బలహీనపడి నీరు పట్టినవారికి ఇస్తే వాపు దిగిపోయింది. 1950ల చివర క్లోరోథయజైడ్ మాత్ర వచ్చేదాకా ఇలాంటి పాదరసం సూదులే ఆధారం. 1960లలో నీరు దిగే మరో మందు లేసిక్స్ వచ్చింది. దాన్ని నరంలోకి గబగబా ఎక్కిస్తే వినికిడి దెబ్బతినవచ్చు. మూత్రంతో పాటు పొటాషియం కూడా పోతుంది, అప్పుడు మామూలు మోతాదు డిగాక్సిన్ కూడా విషమవుతుంది. ఒక మందుకు కాపలా కాయాలంటే రెండోదాన్నీ చూడాల్సిందే.

బీపీ సంగతి విడ్డూరం. దాన్ని కొలిచే పట్టీ 1896లో, కొలిచేటప్పుడు స్టెతస్కోప్‌తో వినే కొరొట్కాఫ్ శబ్దాలు 1905లో వచ్చినా సరైన మందు లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో కన్నుమూశాడు; కుప్పకూలినప్పుడు బీపీ 300/190. నాలుగేళ్లకు బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధ ఫలితాలను బ్రిటిష్ పత్రికలో ప్రకటించాడు. బీపీ తగ్గింది, కొందరిలో మనసు కుంగింది. తర్వాత 1960లలో బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ కనిపెట్టిన ప్రొప్రనలాల్, 1981లో బ్రెజిల్ పాము విషం మీది పరిశోధన నుంచి పుట్టిన క్యాప్టోప్రిల్ వచ్చాయి.

ఆస్ట్రేలియాకు నొప్పి మందు చేదు పాఠమే నేర్పింది. ఆస్పిరిన్, ఫినాసెటిన్, కెఫీన్ కలిపిన బెక్స్ పొడి అక్కడ ఇంటింటి అలవాటు. అలాంటి పొడులు కిడ్నీలను తినేస్తున్నాయని మెల్‌బోర్న్ వైద్యురాలు ప్రిసిల్లా కింకెయిడ్-స్మిత్ పోరాడింది. 2000లో అదే దేశపు వైద్య పత్రిక ఇంకో ప్రమాదాన్ని ‘ట్రిపుల్ వామీ’ అంది: క్యాప్టోప్రిల్ కోవ బీపీ మందు, నీరు దిగే మందు, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ల. మొదటిది కిడ్నీ జల్లెడ నుంచి బయటికెళ్లే రక్తనాళాన్ని వదులు చేస్తుంది, రెండోది ఒంట్లో నీరు తగ్గిస్తుంది, మూడోది లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తుంది. వడపోత పడిపోతుంది.

పెర్త్ దక్షిణ శివారు కానింగ్ వేల్‌లో పిల్లల దగ్గరికొచ్చే మన పెద్దలకు ఈ ముడి కొత్తకాదు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఒకే బీపీ బిళ్లలో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ ఉండవచ్చు. టెల్మిసార్టాన్‌దీ క్యాప్టోప్రిల్ దారే. మోకాళ్లు లాగుతున్నాయంటే కొడుకు సూపర్‌మార్కెట్‌లో ఇబుప్రొఫెన్ కొనేస్తాడు, దానికి చీటీ అక్కర్లేదు. మూడూ కలిశాయి. నలభై డిగ్రీల ఎండో, విరేచనాలో తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

మందు బలం పెరిగినకొద్దీ ఆసుపత్రిలో కాపలా పెరిగింది, ఇంట్లో పెరగలేదు. కాబట్టి నొప్పి బిళ్ల కొనేముందు బీపీ మాత్రల స్ట్రిప్పు ఫార్మసిస్టుకు చూపించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఏవి ఆపాలో డాక్టరునో నర్సునో ముందే అడిగి రాసుకోవాలి.