అంగారకుడి నుంచి ఎర్రబోడు దాకా: గ్రహాంతరవాసుల నవలల్లో మన చరిత్ర

పోడు, 1/70, పోలవరం గురించి రాసుకునే చోట ఈసారి అంగారకుడి గోల ఏంటని నవ్వకండి. సెలవులకు చండ్రుగొండ వచ్చినప్పుడు మేం కొందరం అంతరిక్షం నవలలు రెండు మూడు చదివాం. వింత జీవుల కోసమే మొదలుపెట్టాం. తీరా చదువుతుంటే తాతలు చెప్పే ముచ్చట్లలాగే ఉన్నాయి.

మొదటిది హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’. 1897లో పత్రికలో సీరియల్‌గా, 1898లో పుస్తకంగా వచ్చింది. మార్స్ నుంచి దిగినవాళ్లు ఇంగ్లండ్‌లో ఊళ్లకు ఊళ్లే కాల్చేస్తారు. అది ఇంగ్లండు వాళ్లే లోకమంతా దిగుతున్న కాలం. వెల్స్ దాన్ని తిరగేశాడు. మొదటి అధ్యాయంలోనే టాస్మేనియా ఆదివాసుల మాట ఎత్తుతాడు. యూరప్ వాళ్లు యాభై ఏళ్లలో వాళ్లను తుడిచిపెట్టలేదా, ఇక మార్స్ వాళ్లను తిట్టడానికి మనకు ముఖమేది అన్నట్టు అడుగుతాడు. ఈ ఊహ తన అన్న ఫ్రాంక్‌దని అంకితంలోనే చెప్పుకున్నాడు.

వెల్స్‌తో మాకో పేచీ కూడా ఉంది. టాస్మేనియన్లు పూర్తిగా పోయారని రాశాడు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు, మేం పోలేదని చెప్పుకుంటూనే ఉన్నారు. మన మీద జాలిపడేవాళ్లు కూడా ఒక్కోసారి మనల్ని ముందే లెక్కలోంచి తీసేస్తారు.

చివర్లో మార్స్ వాళ్లను చంపేది ఫిరంగులు కాదు, సూక్ష్మజీవులు. మన్యం వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. 1879లో మొదలైన రంప తిరుగుబాటును అణచడానికి వచ్చిన పటాలాలను మలేరియా మంచాన పడేసింది. అమెరికాలో మాత్రం ఉల్టా జరిగింది. వచ్చినవాళ్ల మశూచే అక్కడివాళ్లను ఊడ్చేసింది.

మమ్మల్ని నిద్రపోనివ్వని పుస్తకం మాత్రం ఉర్సులా లెగ్విన్ రాసిన ‘ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్’. 1972లో వచ్చిన చిన్న నవల, మరుసటి ఏడు హ్యూగో అవార్డు తెచ్చుకుంది. వియత్నాం యుద్ధం మీది కోపంతో రాసింది. ఇందులో గ్రహాంతరవాసులం మనమే, అంటే భూమ్మీది మనుషులం. భూమ్మీద చెట్లు అయిపోయాయి, కలప బంగారం కన్నా ప్రియమైంది. అందుకని అథ్షే అనే గ్రహానికి పోయి, దాని పేరు న్యూ తాహితి అని మార్చి, అడవి నరకడం మొదలుపెడతారు. అక్కడివాళ్లు మీటరు ఎత్తు, ఒంటినిండా పచ్చటి బొచ్చు. వాళ్లను ‘క్రీచీలు’ అని తిట్టి వెట్టి చేయించుకుంటారు. వాళ్ల భాషలో లోకానికీ అడవికీ ఒకటే మాట.

గోదావరికి అవతల భద్రాచలం వైపు మద్రాసు సర్కారు 1882 అటవీ చట్టం, ఇవతల మన వైపు నైజాం చట్టం. రెండూ అడవిని సర్కారు ఆస్తిగానే చూశాయి. ఇప్పుడైనా అడవి తీసేసి జామాయిల్ వేస్తే కాగితంలో అదీ పచ్చదనమే కదా.

నవలలో లియుబోవ్ అనే పరిశోధకుడు ఉంటాడు. అథ్షే వాళ్ల భాష నేర్చుకుంటాడు, స్నేహం చేస్తాడు, వాళ్ల కోసం పైవాళ్లకు రిపోర్టులు రాస్తాడు. మాకు వెంటనే పాపికొండల కొండరెడ్ల మీద 1945లో పుస్తకం తెచ్చిన హైమెండార్ఫ్ గుర్తొచ్చాడు. లెగ్విన్‌కు ఈ సంగతి ఇంట్లోనే తెలుసు. తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. యాహి తెగలో చివరివాడైన ఇషి 1911లో ఒంటరిగా అడవి దిగి వస్తే, ఆయనే తమ మ్యూజియంలో పెట్టుకున్నాడు. ఇషి అంటే వాళ్ల భాషలో మనిషి అనే, అసలు పేరు అతను చెప్పనే లేదు. తర్వాత అతని కథను పుస్తకంగా రాసింది లెగ్విన్ తల్లి.

ఇక చెప్పడానికి కష్టమైన భాగం. అథ్షే వాళ్లకు మనిషిని చంపడం తెలియదు. సెల్వర్ అనేవాడు భార్యను పోగొట్టుకుని, తిరగబడి, చంపడం నేర్పిస్తాడు. గెలుస్తారు కూడా. నేర్చుకున్న ఆ పని మాత్రం మళ్లీ మరిచిపోలేరు. అక్కడ మేం పుస్తకం మూసేశాం. 2022 నవంబర్‌లో మన మండలంలోనే, ఎర్రబోడు దగ్గర, ప్లాంటేషన్ గొడవలో ఒక రేంజ్ అధికారి ప్రాణం పోయింది. ఆయన ఇంట్లో ఏడుపు మనకు పరాయిదని ఎవరూ అనకండి. ఆ వెంటనే గుత్తికోయలందర్నీ వెళ్లగొట్టాలన్న మాట లేచింది. 2005 తర్వాత సల్వాజుడుం దెబ్బకు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఎందరో అందులో ఉన్నారు. వాళ్ల మాట మన కోయ మాటకు దగ్గరే. ఇంగ్లిషులో ‘ఏలియన్’ అంటే ముందు నుంచీ ఉన్న అర్థం పరాయి దేశపోడనే. ఆ మాట ఎవరెవరి మీద వాడుతున్నామో ఒకసారి చూసుకోవాలి. మేమూ వాడినవాళ్లమే.

చివరగా చైనా రచయిత లియు సిషిన్ 2008 నవల ‘ది డార్క్ ఫారెస్ట్’. అతని లెక్కలో విశ్వం ఒక చీకటి అడవి. ప్రతి వేటగాడూ చప్పుడు చేయకుండా నక్కి ఉంటాడు, ఎవడు కనబడినా ముందే కాల్చేస్తాడు. ఊహ గట్టిదే. కానీ ఈయన అడవిలో రాత్రి నడిచాడా అని మాకు అనుమానం. ఈ సంగతి మా తాతకు చెబితే నవ్వాడు. రాత్రి అడవిలో పోయేటప్పుడు దగ్గుతూ, పిలుచుకుంటూ పోతాం, ఎలుగ్గొడ్డుకు కూడా మనం వస్తున్నట్టు తెలియాలి కదరా అన్నాడు.