కడవెండి నుంచి మొదలయ్యే వర్ధంతులు

1946 జులై 4న కడవెండి ఊళ్ళో, దొరసాని గడి దగ్గర, సంఘం ఊరేగింపు మీద తుపాకులు పేలాయి. ముందు వరుసలో నడుస్తున్న దొడ్డి కొమరయ్య ప్రాణం విడిచాడు. అన్న మల్లయ్య గాయపడ్డాడు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా కొమరయ్యనే చెప్పుకుంటారు. ఏటా జులై 4న ఆ ఊరి స్తూపం దగ్గర జెండా ఎగరేసి, నివాళులర్పించి, ఆనాటి సంగతులు తలచుకోవడం ఆనవాయితీగా వస్తోంది.

కడవెండి ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లా కింద ఉండేది. ఈ ప్రాంతంలోని పెద్దవంగర, కొడకండ్ల, తొర్రూరు, రాయపర్తి, పాలకుర్తి, దేవరుప్పుల మండలాలు నేడు మూడు జిల్లాల్లో చెదిరి ఉన్నా, ఎన్నికల లెక్కలో మాత్రం అన్నీ పాలకుర్తి నియోజకవర్గమే. పోరాటం గురించి చెప్పేటప్పుడు కూడా ఈ పల్లెల్ని విడదీయడం కష్టం. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి గుప్పిట్లో నలభై వేల ఎకరాలు ఉండేవని పోరాట చరిత్రలు చెబుతాయి. ఆయన తల్లి, దొరసాని జానకమ్మ కడవెండి గడిలో ఉండేది. వెట్టి, నాగు వడ్డీ, అక్రమ జరిమానాలు, బేదఖళ్ళు, యుద్ధకాలపు లెవీ ధాన్యం, ఇవన్నీ కలిసి ఆంధ్ర మహాసభను జనం నోట ఒట్టి ‘సంఘం’గా మార్చాయి. ఊరి పెద్దల ఇళ్ళలో మాట్లాడుకునే సభగా మొదలైనది 1940ల నడుమకు వచ్చేసరికి గుత్పలు, వడిసెలలు పట్టుకుని దొరల గూండాలకు ఎదురునిలిచే దండయింది.

కాల్పుల తర్వాత జనం పారిపోలేదు. జులై 4 అంతగా గుర్తుండిపోవడానికి అసలు కారణం ఇదే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మందలు మందలుగా వచ్చి గడిని చుట్టుముట్టారు. తల్లికి సాయంగా దేశ్‌ముఖ్ కొడుకు గూండాలతో వస్తే తరిమికొట్టారు. ఆనక రిజర్వు పోలీసులు దిగారు. కేసులు పడ్డది కాల్చినవాళ్ళ మీద కాదు, సంఘం వాళ్ళ మీద. ఆ తర్వాతి వారాల్లో ఊరి తర్వాత ఊరికి ఊరేగింపులు సాగాయి. ఒక్కో ఊళ్ళో వెట్టి రద్దయిందని చాటుకుంటూ, కొమరయ్య పేరు పాటగా కట్టి పాడుకుంటూ వెళ్ళారు. చదువు లేని పల్లెల్లో ఆ సంఘటన ముందుగా నిలిచింది కాగితం మీద కాదు, బుర్రకథలోనూ గొల్ల సుద్దుల్లోనూ. సుద్దాల హనుమంతు లాంటి కళాకారులు గొల్ల సుద్దుల్ని గొర్లకాపరుల దగ్గర నుంచి తీసుకుని పోరాటానికి ఆయుధం చేశారు. కొమరయ్య కూడా కురుమ ఇంటి బిడ్డే.

అయితే అంతకుముందే ఒక చావు ఉంది. దేవరుప్పుల మండలంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే చిన్న రైతు, విసునూరు దొర అండతో భూమి కాజేయాలని చూసినవాళ్ళ మీద కోర్టుకు వెళ్ళి గెలిచాడు. తీర్పు అతనికి మేలు చేసింది గానీ ప్రాణం కాపాడలేదు, దారి కాచి నరికేశారు. ‘మా భూమి’ నాటకం పుట్టింది ఆ కథలోంచే. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ఆ నాటకం 1947 నాటికి కోస్తా జిల్లాల్లోనూ ఆడింది. బందగీ ఒంటరిగా పోరాడాడు, కొమరయ్య వెనక ఊరుంది. ‘తొలి అమరుడు’ అన్న పేరు ఒకరికి దక్కి ఇంకొకరికి దక్కకపోవడంలో న్యాయం ఎంతో చెప్పలేం గానీ, తేడా మాత్రం అక్కడే ఉంది.

ఈ ప్రాంతపు వర్ధంతులు జులై 4తో ఆగవు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. దాన్ని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు. 2003లో అక్కడ అమరధామం కట్టారు. మరుసటి ఏడు ఆగస్టు 27న, అప్పట్లో జనగామ తాలూకాలోనే ఉన్న బైరాన్‌పల్లిలో మారణకాండ జరిగింది. ఊరి నడుమ బురుజు మీద కాపలా పెట్టుకుని, నగారా మోగించి అంతకుముందు రజాకార్ల దాడులను తిప్పికొట్టిన ఊరది. ఈసారి వాళ్ళు నిజాం సైన్యం, పోలీసుల అండతో వచ్చారు. పట్టుబడ్డ మగవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చారు. శవాల చుట్టూ ఆడవాళ్ళ చేత బతుకమ్మ ఆడించారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పిన మాట ఇప్పటికీ ప్రతి ఆగస్టులో వినబడుతుంది. మృతులు ఎందరన్న దగ్గర 88 నుంచి 118 దాకా రకరకాల లెక్కలున్నాయి. బురుజు ఇంకా నిలిచే ఉంది.

ఈ సంగతుల్ని అనుభవించినవాళ్ళు రాసిన పుస్తకాలు తక్కువేమీ కాదు. రావి నారాయణరెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి, జనగామ ప్రాంత నాయకుడు నల్లా నరసింహులు తమ జ్ఞాపకాలు అచ్చు వేశారు. నరసింహులు కడవెండివాడే, ఉరిశిక్ష పడ్డవాడు. నాయకుల పుస్తకాలు ఎక్కువగా మహాసభలు, తీర్మానాలు, దళాల కదలికల వెంట నడుస్తాయి. మిగిలిన సగం 1986 దాకా అచ్చుకు రాలేదు. స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ నోటితో చెప్పుకున్నారు. ఖిలాషాపురం దూదల సాలమ్మ, పాలకుర్తి చిట్యాల ఐలమ్మ అందులో ఉన్నారు. విసునూరు దొర తన కౌలు భూమి లాక్కోబోతే ఐలమ్మ సంఘం అండతో పంట కోయించి ఇంటికి చేర్చుకుంది. దళంతో అడవిలో తిరుగుతూ కన్నబిడ్డను పరాయివాళ్ళ చేతుల్లో పెట్టాల్సివచ్చిన ఒక తల్లి మాటలు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. పోరాటం ముగిశాక ఇక ఇళ్ళకు వెళ్ళమన్నప్పుడు కలిగిన బాధను వాళ్ళు దాచుకోలేదు. విజయాల కన్నా ఆ భాగమే బరువుగా తగులుతుంది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది, పుస్తకాన్ని చూడలేదు.

ప్రభుత్వాలు ఈ తేదీల జోలికి చాలాకాలం రాలేదు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన 1948 సెప్టెంబరు 17ను మహారాష్ట్ర మరాఠ్వాడా ముక్తి దినంగా, కర్ణాటక తన ఉత్తర జిల్లాల విమోచన దినంగా జరుపుకుంటుంటే ఇక్కడ పేరు దగ్గరే పేచీ. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని ఇంకొందరు. 2022లో కేంద్రం దాన్ని విమోచన దినమంటే, అదే రోజును రాష్ట్రం సమైక్యతా దినమంది. 2024లో అది ప్రజాపాలన దినోత్సవమయింది. వ్యక్తుల విషయంలో అంత తగాదా లేకపోయింది. కొమరయ్య, ఐలమ్మల జయంతులు, వర్ధంతులు రాష్ట్ర ప్రభుత్వం అధికారికంగా జరుపుతోంది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు. ఒకప్పుడు ఎర్రజెండా పార్టీలే జరిపిన సభల్లో ఇప్పుడు వాళ్ళిద్దరి కులాలవైన కురుమ, రజక సంఘాలు ముందుంటున్నాయి. గుర్తింపు పెరిగింది నిజమే. గడిని చుట్టుముట్టిన జనంలో అన్ని కులాలవాళ్ళూ ఉన్న సంగతి మాత్రం ఆ సభల్లో కాస్త వెనక్కి పోతోంది.

సెప్టెంబరు 17 గీత దాటి చనిపోయినవాళ్ళ లెక్క వేరు. 1948లో భారత సైన్యం వచ్చాక రజాకార్ల దాడులు ఆగాయి గానీ, దళాల వేట మరో మూడేళ్ళు సాగింది. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించేదాకా జనగామ, మహబూబాబాద్ అడవుల్లో, తండాల్లో కాల్పులు జరుగుతూనే వచ్చాయి. పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాశారు. ధర్మాపురం లంబాడీల భూమి కోసం నిలబడ్డ జాటోతు ఠాణు నాయక్‌ను కాల్చి చంపింది 1950లో, అంటే నిజాం పాలన పోయాక. విమోచన దినం, సమైక్యతా దినం, రెండింటిలోనూ అలాంటివారికి చోటు ఇరుకే. వాళ్ళ వర్ధంతులు వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ తండాలు, పార్టీ శాఖలు జరుపుకుంటున్నాయి.