లేని సరుకుకు లెక్క

ఒక సంవత్సరం మా కళాశాల రసాయన ప్రయోగశాలకు పన్నెండు బ్యూరెట్లు కావలసి వచ్చినవి. ఆర్డరు పంపాము. కొన్నాళ్ళకు పెట్టె వచ్చినది. విప్పి చూడగా ఐదే ఉన్నవి. దానితో వచ్చిన బిల్లు మాత్రం పన్నెండింటికీ ఉన్నది. ఫోను చేసి అడిగితే, "స్టాకు అయిపోయిందండీ, కంప్యూటరులో బిల్లు కొట్టేశాం, మిగతావి తరువాత పంపుతాం" అన్నారు. మా స్టోర్ కీపరు స్టాకు రిజిస్టరు తెరచి, కలం పట్టుకొని నావంక చూశాడు. "ఎన్ని వ్రాయమంటారు సార్? బిల్లు ప్రకారమా, బీరువా ప్రకారమా?"

ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. గిరాకీ ఉన్నది, సరుకు లేదు. ఆ స్థితిని లెక్కలో ఎట్లా చూపాలి? అమ్మేవాని పుస్తకంలో నిల్వ సున్న అని వ్రాస్తే, ఏడు బ్యూరెట్ల కోసం ఎదురుచూసే మనిషి ఆ లెక్కలో కనపడడు. మైనస్ ఏడు అని వ్రాస్తే, మైనస్ ఏడు బ్యూరెట్లను బీరువాలో ఎవరూ చూడలేదు.

సున్న కంటె తక్కువైన సంఖ్యకు అర్థం చెప్పడానికి మన దేశంలో అప్పునే ఆధారంగా తీసుకున్నారు. భిల్లమాలకు చెందిన బ్రహ్మగుప్తుడు క్రీ. శ. 628లో రచించిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ధనం, ఋణం అనే పేర్లతో ఈ సంఖ్యల కూడికకు, తీసివేతకు, గుణకారానికి నియమాలు చెప్పాడు. రెండు ఋణాలను కలిపితే ఋణమే వస్తుంది. సమానమైన ధనాన్నీ ఋణాన్నీ కలిపితే సున్న వస్తుంది. ఈనాటికీ మన పాఠశాలల్లో ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అనే అంటున్నాము. విద్యార్థి ఆ మాటను రోజూ పలుకుతాడు గాని, అందులో ఒక అప్పు పత్రం దాగి ఉన్నదని తలచడు. మైనస్ ఏడు అంటే బీరువాలోని వస్తువు కాదు, ఒకరికి మనం ఈయవలసిన బాకీ.

మరి ఆ బాకీ ఏ పుస్తకంలోకి ఎక్కాలి? 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ ప్రకటించిన గణిత గ్రంథంలో జంటపద్దు విధానం వివరంగా ఉన్నది. జ్ఞాపకాల పుస్తకం, చిట్టా, ఆవర్జా అని మూడు పుస్తకాలు అతడు చెప్పాడు. ఈ విధానంలో ఒకవైపు ఖర్చు పడితే మరొకవైపు జమ పడాలి. ఐతే ఉత్త ఆర్డరులో సరుకూ చేతులు మారలేదు, డబ్బూ చేతులు మారలేదు. అది ఇంకా మాట మాత్రమే. కనుక దానికి ఆవర్జాలో చోటు లేదు. కొనేవాడు బయానా ఇస్తే మాత్రం ఆ సొమ్ము ఎక్కుతుంది. అదికూడ అమ్మేవానికి ఆదాయంగా కాదు, అప్పుగా. ఆర్డరుకు వేరొక పుస్తకం కావలసి వచ్చినది. ఈ రెండు పుస్తకాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. గుమాస్తా జ్ఞాపకశక్తే వాటి మధ్య వంతెన.

ఆ వంతెనను యంత్రానికి అప్పగించిన తొలి ప్రయత్నాలలో ఒకటి లండన్‌లోని లయన్స్ కంపెనీది. అది టీ దుకాణాలు నడిపే కంపెనీ. కేంబ్రిడ్జిలో తయారైన ఎడ్సాక్ యంత్రాన్ని నమూనాగా తీసుకొని, జాన్ పింకర్టన్ నాయకత్వాన 'లియో' అనే కంప్యూటరును తానే కట్టించుకొని, 1951లో వ్యాపార లెక్కలకు వాడసాగినది. 1954 నుండి టీ దుకాణాల ఆర్డర్లు కూడ దానికి అప్పగించారు. ప్రతి దుకాణానికీ వారంలో ఏ రోజున ఏ సరుకు ఎంత అన్న స్థిరమైన ఆర్డరు ముందే యంత్రం దగ్గర ఉంటుంది. దుకాణం నడిపే ఆమె మార్పులు మాత్రమే ఫోనులో చెబుతుంది. ఆ మార్పులు కార్డులమీద రంధ్రాలుగా మారి లియోలోకి పోతాయి. డేవిడ్ కామినర్ వంటివారు ఈ పనిక్రమాన్ని ఎంత పొదుపుగా కూర్చారో నేటి ప్రోగ్రాము రచయితలు కూడ చూడదగినది.

కాని కేకుకు రేపు అన్నది లేదు. ఈ సాయంత్రం దొరకని కేకు కోసం రేపటిదాకా ఎవరూ కూర్చోరు. ఆ గిరాకీ పోయినట్లే. విమానపు విడిభాగం సంగతి వేరు. అది వచ్చేవరకు విమానం నేలమీదనే ఉంటుంది. అటువంటి ఆర్డరు చావదు, వరుసలో నిలబడుతుంది. దీనినే వ్యాపార పరిభాషలో బ్యాక్ ఆర్డరు అంటారు.

గణితవేత్తలకు ఈ రెండింటిలో నిలబడిన ఆర్డరే సులభమని తేలడం విచిత్రం. 1951లో ఆరో, హారిస్, మార్షాక్ అనే ముగ్గురు నిల్వల సిద్ధాంతానికి గట్టి పునాది వేశారు. నిల్వ ఒక హద్దుకు దిగినప్పుడు మరొక హద్దువరకు నింపడమే ఉత్తమమైన పద్ధతి అని, కొన్ని సహజమైన షరతులకు లోబడి, 1960లో హెర్బర్ట్ స్కార్ఫ్ నిరూపించాడు. తీరని గిరాకీ పోకుండా బాకీగా నిలుస్తుందన్నది అతడు తీసుకున్న ముఖ్యమైన అంగీకారాలలో ఒకటి. అప్పుడు చేతిలోని సరుకు, దారిలో ఉన్న సరుకు, ఈయవలసిన బాకీ మూడింటినీ కలిపి ఒకే సంఖ్యగా చూడవచ్చు. మొదటి రెండూ ధనం, మూడవది ఋణం. గిరాకీ కోపగించి వెళ్ళిపోతే లెక్క ఎంతో చిక్కుపడుతుంది.

బాకీలనే కొలతగా పెట్టుకున్నవాడు క్రెయిగ్ షెర్‌బ్రూక్. అమెరికా వైమానిక దళపు విడిభాగాల కోసం ర్యాండ్ సంస్థలో అతడు చేసిన పని 1968లో వెలువడినది. "ఎన్నిసార్లు సరుకు ఉన్నది?" అని కాక, "సగటున ఎన్ని ఆర్డర్లు తీరక నిలిచి ఉన్నవి?" అని అడిగాడు. ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూపదగిన లెక్క ఒకటి చెబుతాను. ఒక విడిభాగం ఏ సమయంలో చూసినా సగటున ఒకటి మరమ్మతులో ఉంటుందనుకొందాం. ఆ సంఖ్య పాయ్‌సాన్ వితరణను అనుసరిస్తుందనుకొందాం. అదనపు నిల్వ ఏమీ లేకపోతే నిలిచి ఉండే ఆర్డర్ల సగటు 1. ఒకటి ఉంచితే 0.368. రెండు ఉంచితే 0.104. మూడు ఉంచితే 0.023. మొదటి భాగం సగటును 0.632 తగ్గించినది, రెండవది 0.264, మూడవది 0.080 మాత్రమే. అంటే మూడవదానికి పెట్టే సొమ్మును మరొక రకం విడిభాగం మీద పెడితే ఎక్కువ విమానాలు ఎగురవచ్చు. ఆర్డర్లను వ్రాసి ఉంచకపోతే ఈ వివేచనకు ఆధారమే ఉండదు.

ఇక మన ఊళ్ళలో వాడే సాఫ్ట్‌వేరుకు వద్దాం. 1986లో మొదలైన బెంగళూరు సంస్థ తయారుచేసిన టాలీ మన గుమాస్తాలకు చిరపరిచితం. అందులో అమ్మకపు ఆర్డరు వ్రాస్తే ఖాతాలూ కదలవు, నిల్వా కదలదు. పాచోలీ నాటి నియమమే అది. ఐతే మళ్ళీ తెప్పించవలసిన సరుకులను చూపే నివేదికలో ఉన్న నిల్వకు రావలసిన కొనుగోళ్ళను కలిపి, ఈయవలసిన ఆర్డర్లను తీసివేసి, నికరం చూపిస్తుంది. స్కార్ఫ్ వాడిన మూడు రాశులూ అక్కడ కొట్టువాని తెరమీద కనపడతాయి. రెండు పుస్తకాలు ఇప్పుడు మాట్లాడుకుంటున్నవి.

మాకు బిల్లు పంపిన వారు ఆ ఆర్డరు పుటను వాడక, సరుకు లేకుండానే అమ్మకపు బిల్లు వ్రాశారు. దానివలన నిల్వ మైనస్ ఏడు ఐనది. సాఫ్ట్‌వేరు హెచ్చరిస్తుంది గాని, దాటిపోవచ్చు. నష్టం ఎక్కడ? ఊహకోసం కొన్ని అంకెలు తీసుకొందాం. ఐదు బ్యూరెట్లు ఒక్కొక్కటి 200 రూపాయలకు కొన్నవి; పన్నెండూ 260 చొప్పున బిల్లు చేశారు. లేని ఏడింటి ఖరీదు యంత్రానికి తెలియదు కనుక పాత 200నే తీసుకుంటే, లాభం పన్నెండు అరవైలు, 720 రూపాయలు. తరువాత ఆ ఏడూ 250 చొప్పున దొరికినవి. అసలు లాభం ఐదు అరవైలు, ఏడు పదులు, మొత్తం 370. ఈ రెండు తేదీల మధ్య మార్చి 31 పడితే, లేని 350 రూపాయలు పాత సంవత్సరపు లాభంలో నిలిచిపోతాయి. దానిమీద పన్ను లెక్క వేసినా వేయవచ్చు. ఇటువంటి బిల్లులు వందలుంటే యజమానికి తన వ్యాపారం లాభంలో ఉన్నదో లేదో నిజంగా తెలియదు. ఆర్డరు పుటలో మైనస్ ఏడు సత్యం. నిల్వ పుటలో అదే మైనస్ ఏడు అబద్ధం.

మా స్టోర్ కీపరుతో ఐదు అని వ్రాయించాను. బిల్లు సొమ్ములో ఏడింటి భాగం ఆపి ఉత్తరం వ్రాశాము. ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షలకు ఇద్దరిద్దరు విద్యార్థులు ఒక్కొక్క బ్యూరెట్టును వంతులవారీగా వాడుకున్నారు. తక్కినవి పరీక్షలైన రెండు వారాలకు వచ్చినవి. రిజిస్టరులో ఐదు ఒక తేదీన, ఏడు మరొక తేదీన, రెండు పంక్తులలో ఉన్నవి.