చెరకు పెనం నుండి మేపుల్ పెనం దాకా

కెనడాలోను, అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోను మార్చి వచ్చేసరికి రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు మొదలవుతాయి. ఆ రోజులలో మేపుల్ మానుకు చిన్న రంధ్రం తొలిచి గొట్టం అమరిస్తే నీళ్ళవంటి రసం బొట్టుబొట్టుగా కారుతుంది. నాలుక మీద వేసుకుంటే తీపి ఉన్నదో లేదో అన్నట్టుంటుంది. నూటికి రెండు పాళ్ళు పంచదార, తక్కినదంతా నీరే. సుమారు 43 లీటర్లు మరిగిస్తే ఒక్క లీటరు పాకం దిగుతుంది. కనుక మేపుల్ పాకం చరిత్ర అంటే, నిజం చెప్పాలంటే, నీటిని ఆవిరి చేయడానికి మనిషి పడిన తిప్పల చరిత్రే.

ఈ తిప్పలు మొదట పడినవారు ఈ గడ్డ మీద పుట్టినవారు. అనిషినాబే, హోదినోషోనీ మొదలైన ఆదివాసి జాతులు బూర్జచెట్టు బెరడుతో దొన్నెలు కుట్టి రసం పట్టేవారు. ఎర్రగా కాల్చిన రాళ్ళను అందులో వేసి మరిగించేవారు. రాత్రి పైన కట్టిన మంచుపెళ్ళను తీసి పారవేస్తే, పోయేది చాలావరకు నీరే, అడుగున మిగిలేది చిక్కని రసం. పొయ్యి లేకుండానే సగం పని జరిగేదన్నమాట! ఐరోపావారు వచ్చి రాగి, ఇనుప కాగులు తెచ్చారు. మూడు కాగులను వరుసగా కొయ్యకు వేలాడదీసి, కింద మంట పెట్టి, చిక్కబడేకొద్దీ ఒకదానిలోనుండి మరొకదానిలోకి గరిటెలతో మార్చేవారు.

ఆ వరుస కాగుల వాటం మన పూర్వులకు బాగా తెలిసినదే. మారిషస్, నటాల్, ఫిజీల మీదుగా ఈ దేశం చేరిన మన కుటుంబాల పెద్దలు చెరకు కోసమే సముద్రం దాటారు. మారిషస్‌కు ఒప్పందపు కూలీల ప్రయాణాలు 1834లో మొదలైనాయి. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన ట్రూరో ఓడ మద్రాసు రేవు నుండి వచ్చినది. అందులో తెలుగువారు చాలామంది ఉన్నారు. ఫిజీకి దక్షిణాదివారు 1903 నుండి వెళ్ళారు. పాత తోటల ఉడుకు ఇళ్ళలో పెద్దదాని నుండి చిన్నదాని వరకు కాగులు వరుసగా ఉండేవి. కాగే రసాన్ని మనిషి చేతితోనే ఒకదానిలోనుండి మరొకదానిలోకి తోడి పోయాలి. ఒళ్ళు కాలినా పని ఆగేది కాదు. ఆ పని మొదట బానిసలది, బానిసత్వం రద్దయిన చోట్ల ఒప్పందపు కూలీలది.

మేపుల్ కథలోకి ఈ బానిసత్వపు సంగతి నేరుగానే వచ్చి చేరింది. ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ 1791లో థామస్ జెఫర్సన్‌కు ఒక దీర్ఘలేఖ వ్రాసి, మేపుల్ పంచదార ఉండగా బానిసల చెమటతో చేసిన చెరకు పంచదార మనకెందుకని వాదించాడు. జెఫర్సన్ ఆ ఏడే తన మాంటిచెల్లో ఎస్టేటులో మేపుల్ మొక్కలు నాటించాడు. అవి చాలావరకు బతకలేదు. నాటించినవాడే వందలాది బానిసల యజమాని అన్న సంగతి మరువరాదు. అయినా ఆ ఆశ ఉత్తరాది రైతు ఇళ్ళలో అంతర్యుద్ధం దాకా నిలిచే ఉన్నది.

చెరకు వైపు గొప్ప మార్పు తెచ్చినవాడు నార్బర్ట్ రిల్యూ. 1806లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. తల్లి నల్లజాతి స్త్రీ. పారిస్‌లో చదివి వచ్చి, ఒక పాత్రలోని ఆవిరితోనే తక్కువ ఒత్తిడి గల తరువాతి పాత్రను మరిగించే యంత్రానికి 1843లోను, 1846లోను పేటెంట్లు పొందాడు. కట్టెలూ ఆదా అయినాయి, గరిటెలతో తోడే పనీ తప్పింది. మేపుల్ వైపు 1858లో ఒహాయో రాష్ట్రవాసి కుక్ పల్చని వెడల్పాటి పెనం పేటెంటు చేశాడు. పెనంలో అడ్డగోడలు పెట్టి రసాన్ని వంకరటింకరగా నడిపించాడు. పల్చని రసం ఒక మూల చేరుతుంటే, చిక్కబడినది రెండవ మూలకు తోసుకుపోతుంది. కాగులో కొత్త రసం పోసినప్పుడల్లా పాతదంతా మళ్ళీ మరిగి నల్లబడేది. పెనంలో ఆ బాధ లేదు.

నేటికీ ఇంటి పెరట్లో సొంతంగా పొయ్యి కట్టుకునేవారు చేసేది ఇదే. మన పెళ్ళిళ్ళలో తవ్వే గాడిపొయ్యిని కళ్ళ ముందు పెట్టుకుంటే సగం అర్థమవుతుంది. పాత నూనె డ్రమ్మును నిలువునా కోసి పడుకోబెడతారు. కోసే ముందు లోపలి నూనెను, ఆవిరిని పూర్తిగా పోగొట్టకపోతే డ్రమ్ము పేలుతుంది. లోపల నిప్పుకు తట్టుకునే ఇటుకలు పేర్చి, అడుగున ఇనుప కమ్మీల జల్లెడ వేస్తారు. గాలి దాని కిందినుండే రావాలి. మంట తలుపు దగ్గరనే కూర్చోకుండా వెనుక భాగాన్ని ఇటుకలతో వాలుగా ఎత్తు చేస్తారు. అప్పుడు జ్వాల పెనం అడుగును నాకుతూ పోయి పొగగొట్టం ఎక్కుతుంది. పెనం స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. పాతకాలపు సీసపు అతుకుల పెనాలు విషం.

చదును పెనం గంటకు చదరపు మీటరుకు సుమారు 40 లీటర్ల నీరు ఆవిరి చేస్తుంది. అంటే 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు గల పెనం మీద గంటకు అరలీటరు పాకం. పాతిక గొట్టాలు పెట్టిన ఇంట్లో, గొట్టానికి 40 లీటర్ల లెక్కన, ఋతువంతా కలిపి యాభై గంటల పని. బాగా ఎండి, మణికట్టు మందాన చీల్చిన కట్టెలు కొద్ది నిమిషాలకొకసారి వేస్తుండాలి. చెరకైతే తన పిప్పితో తానే ఉడుకుతుంది. అనకాపల్లి వైపు బెల్లం వండే పొయ్యికి వేరే వంటచెరకు పెద్దగా అక్కరలేదు. మేపుల్‌కు ఆ అదృష్టం లేదు, రసానికి తోడు కట్టె కూడా అడవే ఇవ్వాలి. పెనం ఆకారం ఇన్ని మార్పులు పొందడానికి అసలు కారణం ఆ కట్టెల ఖర్చేనని నా అభిప్రాయం.

రసం రెండంగుళాల లోతు తగ్గితే మాడుతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. పొంగితే ఒక చుక్క వెన్న వేస్తారు, మనవారు బెల్లపు పెనంలో నూనె చుక్క వేసినట్టే. నీరు మరిగే వేడి కంటే సుమారు 4 డిగ్రీలు పైకి, అంటే 104 డిగ్రీల సెంటిగ్రేడుకు, చేరినప్పుడు దించాలి. మన లెక్కలో అది తీగపాకానికి ముందటి లేతపాకం. బెల్లానికైతే ఇంకా చాలాదూరం పోవాలి. గరిటె అంచున బొట్టుగా కాక పొరగా వేలాడితే దించవచ్చునని పాతవారి గుర్తు.

వేడి మీదనే మందపాటి ఉన్నిగుడ్డలో వడపోస్తే, మరిగేటప్పుడు ఏర్పడిన సన్నని ఇసుకవంటి మడ్డి పైన నిలిచిపోతుంది. మొగ్గలు ఉబ్బే రోజులకు రసం రుచి చెడుతుంది. అప్పుడు గొట్టాలు పీకి, పెనం కడిగి బోర్లిస్తారు.