అహోబిలం నర్తకులు, ఆళ్లగడ్డ ఉలి

డ్రాయింగ్ మాస్టారుగా నంద్యాల పిల్లలకు బొమ్మలు నేర్పినవాణ్ణి. నాట్యభంగిమ అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేవి దిగువ అహోబిలం స్తంభాలే. విజయనగర కాలపు ఆ మండపాల్లో నర్తకులు, వాద్యగాళ్లు, చెంచులక్ష్మిని బతిమాలే నరసింహస్వామి రాతిలో కొలువుదీరారు. కళింగ దండయాత్ర రోజుల్లో, 1515లో, శ్రీకృష్ణదేవరాయలు ఈ స్వామిని దర్శించి కానుకలు సమర్పించినట్టు ఇక్కడి శాసనం చెబుతోంది. కొద్దికాలానికే, అచ్యుతదేవరాయల హయాంలో, లేపాక్షి నాట్యమండపం లేచింది. అక్కడ స్తంభాల మీద రంభ ఆడుతుంది, పైకప్పు నిండా రంగుల చిత్రాలు.

ఆ శిల్పవిద్య మన ఆళ్లగడ్డలో నేటికీ సజీవంగా ఉంది. శిల్పి ఉలి పట్టేముందు రాతి మీద బొమ్మ గీస్తాడు. శాస్త్రం ప్రకారం ముఖం పొడవు ఒక తాళం, అందులో పన్నెండో వంతు అంగుళం. నవతాళ విగ్రహం ఎత్తు 108 అంగుళాలు. నడుమ నిలువుగీత బ్రహ్మసూత్రం. సమభంగంలో అది ముక్కు, నాభి మీదుగా సూటిగా దిగుతుంది. త్రిభంగంలో మెడ, నడుము, మోకాలు దానికి అటూ ఇటూ ఒరుగుతాయి. ఆ ఒరుగు కుదిరితేనే రాయి ఆడుతుంది.

కోత మిషన్లు వచ్చి పని తొందరైంది. కనురెప్పను, వేలికొసను దిద్దడానికి మాత్రం చెయ్యి తిరిగిన శిల్పే కావాలి.

అహోబిలం వెళ్లేవారికి నా మనవి: దర్శనమయ్యాక మండపంలో కాసేపు ఆగండి. స్తంభాలకు సున్నం, కుంకుమ పూయకండి. తిరుగుదారిలో మీ పిల్లలకు ఆళ్లగడ్డ శిల్పుల పని చూపించండి.