నిలువుగీతపై నొక వాలుగీత

శ్రోతలారా, నేడు నేను ముచ్చటింపబోవు గుర్తును రేడియోలో చూపుటకు వీలులేదు. దయచేసి కాగితముపై నొక నిలువుగీత గీయుడు. దాని కెడమవైపున 5, కుడివైపున 20 వ్రాసినచో, 5 అను సంఖ్య 20ని నిశ్శేషముగా భాగించునని యర్థము. 20 తీసి 21 వ్రాయుడు, మాట తప్పినది. అప్పు డా నిలువుగీతను కొట్టివేయునట్లు వాలుగా నొక చిన్నగీత గీయవలెను. "భాగింపదు" అను గుర్తు ఇదియే. జర్మను గణితజ్ఞుడు లాండౌ 1927లో ప్రకటించిన సంఖ్యాశాస్త్రోపన్యాసములలోను, హార్డీ, రైటు అనువారి 1938 నాటి గ్రంథములోను ఇది కలదు.

ఇంత చిన్నగీతకు ఉపన్యాస మెందుకందురా? 1640లో ఫెర్మా యొక లేఖలో నొక సిద్ధాంతమును తెలిపెను. ప్రధానసంఖ్య వేరొక సంఖ్యను భాగింపనిచో, ఆ రెండవదానిని ప్రధానసంఖ్యకంటె ఒకటి తక్కువ మార్లు వేసి గుణించి, ప్రధానసంఖ్యచే భాగింప శేషము 1. నాలుగు రెండ్లను గుణింప 16. 5చే భాగింప 1 మిగులును. నా విద్యార్థిదశలో నొక అచ్చుపుస్తకమున ఈ వాలుగీత ఎగిరిపోయినది. "భాగింపనిచో" అనునది "భాగించినచో" అయ్యెను. నేను 7, 14 గైకొని అర్ధరాత్రి దాక లెక్కించితిని. శేషము సున్నయే! ఫెర్మాయే పొరబడెనని తలచితిని.

పిదప కంప్యూటర్లు వచ్చెను. వానికి ఆకారము తెలియదు. ప్రతి గుర్తునకు నొక సంఖ్య కావలయును. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ పట్టికలో స్థానములు 128 మాత్రమే. మన గుర్తునకు చోటు దొరకలేదు. 1991లో యూనికోడు మొదటి కూర్పు వెలువడెను. అందు "భాగించును" 8739, "భాగింపదు" 8740, ఇరుగుపొరుగులే.

అయిన నొక చిక్కు. 8739 వ్రాసి, పైబడు వాలుగీతయగు 824ను చేర్చినను అదే గుర్తు ఏర్పడును. కంటికి రెండును ఒకటే, యంత్రమునకు వేరు; ఒకదానిని వెదకిన రెండవది దొరకదు. కావుననే యూనికోడువారు ఈ రెండును సమానములని నిర్ణయించి, పోల్చుటకు ముందు ఒకే రూపమునకు తెచ్చు పద్ధతి నేర్పరచిరి. మన ఐత్వపు కథయు నిట్టిదే: అది 3144; ఎత్వము 3142కు క్రిందిగుర్తు 3158 చేర్చినను అదియే.

ఇప్పటికిని కొన్ని యంత్రములలో తగిన అక్షరరూపము లేక, ఈ గుర్తున్న చోట ఖాళీగడి కనబడును. మిత్రులు విసుగుకొందురు గాని నాకు కోపము రాదు. ఇచ్చట నేదో లోపించినదని ఆ గడి చెప్పుచున్నది. నా పాతపుస్తకము ఆ మాత్రమైనను చెప్పలేదు.